టార్మాక్, మడోన్, టీసీఆర్: ఏది ఎవరికి?

"అన్నా, డబ్బులు రెడీగా ఉన్నాయి. ఎస్-వర్క్స్ టార్మాక్ తీసుకోనా, మడోన్ ఎస్‌ఎల్‌ఆర్ తీసుకోనా? లేకపోతే జెయింట్ టీసీఆర్ టాప్ మోడల్ సరిపోతుందా?" నెలకు ఒక్కరైనా ఈ మాట అడుగుతుంటారు. ఆదివారం పొద్దున గండిపేట వైపు రైడ్ అయ్యాక టీ తాగుతూ అడిగేవాళ్లు కొందరు, డాలస్ నుంచి వాట్సాప్‌లో అడిగేవాళ్లు కొందరు. టార్మాక్ స్పెషలైజ్డ్ కంపెనీది, మడోన్ ట్రెక్‌ది, టీసీఆర్ జెయింట్‌ది; ఎస్-వర్క్స్, ఎస్‌ఎల్‌ఆర్ అన్నవి వాటిలో టాప్ మోడళ్ల పేర్లు. మూడూ మంచి రేసు సైకిళ్లే. టార్మాక్ మీద సూడాల్ క్విక్-స్టెప్, మడోన్ మీద లిడ్ల్-ట్రెక్, టీసీఆర్ మీద జేకో అల్‌ఊలా జట్ల రైడర్లు పెద్ద పెద్ద రేసులు తొక్కారు. 2024 పారిస్ ఒలింపిక్స్ రోడ్ రేసులో రెమ్కో ఎవెనెపూల్ స్వర్ణం గెలిచింది టార్మాక్ ఎనిమిదో తరం ఎస్‌ఎల్8 మీదే. కానీ ఆయన సైకిల్‌ను రోజూ విప్పి బిగించే మెకానిక్ ఆయన టీములోనే ఉంటాడు. మనకు ఉండడు.

అందుకే నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఈ స్థాయికి వచ్చాక ఫ్రేముకూ ఫ్రేముకూ మధ్య వేగంలో తేడా చాలా చిన్నది. మన ఒంటికి సరిపోవడంలో, మన ఊళ్లో రిపేరు చేయించుకోవడంలో తేడా చాలా పెద్దది. పది లక్షల చుట్టూ పెట్టేటప్పుడు చూడాల్సిన వరుస అదే.

ముందు సైజు

ఈ ప్రశ్న అడిగినవాళ్లను నేను తిరిగి ఒకటే అడుగుతాను: "నీ స్టాక్ ఎంత, రీచ్ ఎంత?" చాలామంది దగ్గర జవాబు ఉండదు. పెడల్స్ తిరిగే ఇరుసు మధ్య నుంచి హ్యాండిల్ కూర్చునే గొట్టం పైఅంచు దాకా నిలువుగా కొలిస్తే స్టాక్, అడ్డంగా కొలిస్తే రీచ్. టార్మాక్ ఎస్‌ఎల్8లో 54 సైజుకు స్టాక్ 544 మిల్లీమీటర్లు, రీచ్ 384. అదే 56కి వెళితే 565, 395. అంటే ఒక్క సైజు మారితే హ్యాండిల్ రెండు సెంటీమీటర్లు పైకి, ఒక సెంటీమీటరు ముందుకు జరుగుతుంది. కాగితం మీద చిన్న లెక్కే. మూడు గంటలు తొక్కాక మెడకు తెలుస్తుంది.

నాకు తెలిసింది అలాగే. కొన్నేళ్ల కింద నా మొదటి కార్బన్ సైకిల్ కొన్నప్పుడు షాపులో నా సైజు లేదు. ఒక సైజు పెద్దది ఉంది, దాని మీద మంచి డిస్కౌంట్ కూడా ఉంది. "స్టెమ్ చిన్నది వేస్తే సరిపోతుంది సార్" అన్నారు (హ్యాండిల్‌ను సైకిల్‌కు కలిపే ముక్కే స్టెమ్), నమ్మాను. గంటన్నర దాటితే చాలు, ఎడమచేతి చివరి రెండు వేళ్లు తిమ్మిరెక్కేవి. చొక్కా బొత్తాం పెట్టుకోవడానికి కూడా కాసేపు ఆగాల్సి వచ్చేది. స్టెమ్ మార్చాను, సీటు జరిపాను, గ్లవ్స్ మార్చాను. చివరికి ఏడాది తిరక్కుండానే నష్టానికి అమ్మేశాను. ఆ నష్టంలో పదో వంతు పెట్టి ముందే బైక్ ఫిట్ (ఒంటి కొలతలకు సైకిల్‌ను సరిచూడటం) చేయించుకుని ఉంటే సరిపోయేది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఏమిటో ఆ ఏడాది అర్థమైంది.

కాబట్టి సైకిల్ కొన్నాక కాదు, కొనకముందే ఫిట్ చేయించుకోండి. ఇప్పుడున్న సైకిల్ మీదైనా సరే. ఫిటర్ మీకు స్టాక్, రీచ్ ఎంత ఉండాలో కాగితం మీద రాసిస్తాడు. ఆ కాగితం పట్టుకుని మూడు కంపెనీల జామెట్రీ చార్టులు (ఫ్రేము కొలతల పట్టికలు) చూస్తే సగం ప్రశ్న అక్కడే తేలిపోతుంది.

సైజుల సంఖ్యలోనూ తేడా ఉంది. టార్మాక్ 44 నుంచి 61 దాకా ఏడు సైజుల్లో వస్తుంది. ఐదడుగులకు కాస్త అటూ ఇటూ ఉన్న ఆడవాళ్లకు, పొట్టివాళ్లకు ఆ 44 సైజు చాలా విలువైనది. ట్రెక్ 2024లో మడోన్ ఎనిమిదో తరం తెచ్చినప్పుడు ఎనిమిది సైజులను ఆరుకు తగ్గించి, చొక్కాల్లాగా ఎస్, ఎం, ఎంఎల్ అని పేర్లు పెట్టింది. సరిగ్గా ఒక సైజులో పడేవాళ్లకు ఇబ్బందేమీ లేదు. రెండు సైజుల మధ్య ఉండేవాళ్లు మాత్రం ఎక్కి చూడకుండా మడోన్ బుక్ చేయొద్దని నా మాట. టీసీఆర్‌దీ ఆరు సైజులే. సైజుల విషయంలో అందరికన్నా పైన ఉన్నది పినరెల్లో డోగ్మా ఎఫ్: ఏకంగా పదకొండు. ఎంత వెతికినా మీ కొలతలు ఎక్కడా కుదరకపోతే, బడ్జెట్ కూడా ఉంటే, ఆ ఒక్క కారణానికే డోగ్మా చూడొచ్చు.

హ్యాండిల్ లోపల ఏముందో చూడండి

ఇప్పుడు దాదాపు టాప్ మోడళ్లన్నిటిలో బ్రేకు గొట్టాలు బయటికి కనిపించవు. హ్యాండిల్ దగ్గర మొదలై, స్టెమ్ దారిన హెడ్‌సెట్ (హ్యాండిల్ తిరిగే చోటు) బేరింగ్ మధ్యలోంచి ఫ్రేములోకి దిగుతాయి. చూడటానికి శుభ్రంగా ఉంటుంది, గాలికీ మంచిదే. కానీ దాని ఖరీదు మొదటి వానాకాలం తర్వాత తెలుస్తుంది.

ఒక అక్టోబరులో నా సైకిల్ హ్యాండిల్ తిప్పుతుంటే సరిగ్గా మధ్యలో చిన్న గుంటలో పడి ఆగినట్టు అనిపించింది. ముందు చక్రం పైకెత్తి వేలితో మెల్లగా తోస్తే చక్రం దానంతటదే మళ్లీ నిటారుగా వచ్చి నిలబడుతోంది. మెకానిక్ విప్పి చూపించాడు. పై బేరింగ్ రింగులో గ్రీజు ఉండాల్సిన చోట తడి ఇటుక పొడిలాంటి ముద్ద, గోటితో గీకితే ఉప్పు పొరలా రాలుతోంది. వాన నీళ్లకంటే ఎక్కువ నా చెమటే. ఇంట్లో ట్రైనర్ (సైకిల్‌ను బిగించి ఉన్నచోటే తొక్కే స్టాండు) మీద తొక్కినప్పుడు నుదుటి నుంచి కారిన చెమటంతా సరిగ్గా అక్కడే పడుతుంది. బేరింగ్ ధర పెద్దదేం కాదు. కానీ దాన్ని బయటికి తీయాలంటే హ్యాండిల్ టేపు విప్పాలి, బ్రేకు గొట్టాలు ఊడదీయాలి, కొత్త బేరింగ్ వేశాక గొట్టాల చివర్లు కత్తిరించి కొత్త ఫిట్టింగులు పెట్టాలి, మళ్లీ ఆయిల్ నింపి గాలి బుడగలు పోయేదాకా బ్లీడింగ్ చేయాలి. కేబుళ్లు బయట ఉన్న పాత సైకిల్‌కు ఇరవై నిమిషాల్లో అయ్యే పని ఇక్కడ సగం రోజు పట్టింది.

ఈ మూడింటినీ ఈ కోణంలో పోల్చండి. ఎస్-వర్క్స్ టార్మాక్‌లో, మడోన్ ఎస్‌ఎల్‌ఆర్‌లో హ్యాండిల్, స్టెమ్ కలిపి ఒకే కార్బన్ ముక్క. స్టెమ్ ఒక సెంటీమీటరు పొడవు కావాలంటే ఆ ముక్క మొత్తం మార్చాలి. ధర గుండె గుభేల్‌మనిపిస్తుంది. జెయింట్ టీసీఆర్ అడ్వాన్స్‌డ్ ఎస్‌ఎల్‌లో హ్యాండిల్, స్టెమ్ విడివిడిగా ఉంటాయి. ఒంటి తీరు మారినప్పుడు, వెన్ను నొప్పి వచ్చినప్పుడు, పొట్ట తగ్గినప్పుడు సరిచేసుకోవడం సులువు. టార్మాక్‌లోనే ఎక్స్‌పర్ట్ మోడల్, మడోన్‌లో కొన్ని ఎస్‌ఎల్ మోడళ్లు కూడా రెండు ముక్కల హ్యాండిల్‌తోనే వస్తాయి. మీ ఫిట్ ఇంకా కుదురుకోలేదు, మొదటి ఖరీదైన సైకిల్ ఇదే అనుకుంటే ఒకే ముక్క హ్యాండిల్ వద్దు.

టీసీఆర్‌లో ఇంకో సంగతి ఉంది, అది దానికి వ్యతిరేకం. అడ్వాన్స్‌డ్ ఎస్‌ఎల్‌లో సీటును మోసే గొట్టం (సీట్‌పోస్ట్) ఫ్రేములో భాగమే. మీ కాళ్ల పొడవుకు దాన్ని రంపంతో కోయాలి. బరువు తగ్గుతుంది, గతుకుల మీద కాస్త మెత్తగా కూడా ఉంటుంది. కానీ ఒకసారి కోశాక అంతే. రేపు అమ్మాలంటే మీ ఎత్తువాళ్లో మీకన్నా పొట్టివాళ్లో దొరకాలి. విమానంలో తీసుకెళ్లాలంటే మామూలు సైకిల్ పెట్టెలో ఇమడకపోవచ్చు. ఏటా ఒకసారైనా సైకిల్ ప్యాక్ చేసి రేసుకో రైడ్‌కో వెళ్లేవాళ్లు దీని కింద ఉన్న అడ్వాన్స్‌డ్ ప్రో చూసుకోండి. దానిలో సీట్‌పోస్ట్ మామూలుగానే బయటికి వస్తుంది.

టకటక చప్పుడు

పెడల్ ఇరుసు ఫ్రేములో ఎలా కూర్చుంటుందన్నది బ్రోషర్‌లో చివరి పేజీలో ఉంటుంది. నేను మొదటి పేజీలో చూస్తాను. టార్మాక్ ఎస్‌ఎల్8లో బీఎస్‌ఏ అనే పాతకాలపు ప్రమాణపు మర చుట్లు. మడోన్‌లో టీ47, ఇదీ మర చుట్లదే, కాస్త పెద్దది. టీసీఆర్‌లో మాత్రం ప్రెస్-ఫిట్: మరలు లేకుండా బేరింగ్ కప్పుల్ని ఫ్రేములోకి నొక్కి కూర్చోబెడతారు. బాగా చేసిన ఫ్రేములో ప్రెస్-ఫిట్ ఏళ్ల తరబడి మౌనంగానే ఉంటుంది. కానీ దుమ్ము, వాన కలిసిన మన రోడ్ల మీద ఒకసారి చప్పుడు మొదలైతే దాన్ని తీసి మళ్లీ నొక్కడానికి సరైన పనిముట్టు, ఓపిక ఉన్న మెకానిక్ కావాలి. మర చుట్లది అయితే జిల్లా కేంద్రంలో ఉన్న మంచి మెకానిక్ కూడా విప్పి, గ్రీజు రాసి, బిగించేస్తాడు. హైదరాబాద్, విశాఖ కాకుండా వేరే ఊళ్లో ఉండేవాళ్లకు ఇది చిన్న విషయం కాదు.

బరువు లెక్క ఒకసారి వేద్దాం

షాపులో ముందుగా జరిగేది సైకిల్‌ను ఒక వేలితో ఎత్తి చూడటం. కంపెనీ లెక్కల ప్రకారం ఎస్-వర్క్స్ టార్మాక్ ఎస్‌ఎల్8 ఫ్రేము 685 గ్రాములు. మడోన్ ఎస్‌ఎల్‌ఆర్ ఫ్రేము 800 గ్రాములకు కాస్త తక్కువ. టీసీఆర్ దాదాపు టార్మాక్ అంతే. తేడా సుమారు 110 గ్రాములు.

వికారాబాద్ అనంతగిరి వైపో, అరకు ఘాట్‌లోనో మొత్తం 500 మీటర్ల ఎత్తు ఎక్కారనుకోండి. ఒక కిలోను అంత ఎత్తుకు మోయడానికి దాదాపు 4,900 జౌళ్లు కావాలి. మీరు 200 వాట్లతో తొక్కే రైడర్ అయితే అది 25 సెకన్లు. కిలోకు 25 సెకన్లు అయితే 110 గ్రాములకు మూడు సెకన్లు కూడా రావు. కొండ మొదట్లో అర లీటరు నీళ్లు బాటిల్‌లో తక్కువ పెట్టుకుంటే దానికి నాలుగింతలు కలిసొస్తుంది. పైగా ప్రొఫెషనల్ రేసుల్లో 6.8 కిలోలకన్నా తేలికైన సైకిల్‌ను అంతర్జాతీయ సైక్లింగ్ సంఘం యూసీఐ అనుమతించదు. ఆ కంపెనీలు బరువుకన్నా గాలి మీద దృష్టి పెట్టడానికి అదీ ఒక కారణమే.

గాలి సంగతీ చూద్దాం. పాత తరం ఎస్‌ఎల్7 కన్నా ఎస్‌ఎల్8 గంటకు 45 కిలోమీటర్ల వేగంలో 40 కిలోమీటర్లకు 16.6 సెకన్లు వేగమని స్పెషలైజ్డ్ చెప్పింది. మొత్తం సమయం 53 నిమిషాల పైన, అంటే ఆదా అయ్యేది అర శాతం. కొత్త మడోన్ తమ పాత ఎమోండాకన్నా గంటకు 77 సెకన్లు ఆదా చేస్తుందని ట్రెక్ లెక్క. ఇక్కడ తేడా పెద్దగా ఉండటానికి కారణం, ఎమోండా కొండల కోసం చేసిన తేలికపాటి సైకిల్. ఆ రెండింటినీ కలిపేసి ట్రెక్ కార్బన్ ఎమోండాను ఆపేసింది. స్పెషలైజ్డ్ అదే పని 2020లోనే ఎస్‌ఎల్7తో చేసి, గాలిని చీల్చుకుపోయేలా చేసిన తన ఏరో సైకిల్ వెంజ్‌ను పక్కన పెట్టింది. జెయింట్ మాత్రం ఇప్పటికీ రెండూ విడిగా ఉంచింది: గాలికి ప్రొపెల్, కొండకు టీసీఆర్.

హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు (ఓఆర్‌ఆర్) పక్కన 2023లో మొదలైన 23 కిలోమీటర్ల సోలార్ ట్రాక్ మీద, సర్వీస్ రోడ్ల మీద గ్రూపులతో వేగంగా తొక్కడమే మీ ఆనందం అయితే ఈ మూడింటిలో మడోన్‌కు కాస్త మొగ్గుతాను. కానీ గాలికి అడ్డం పడేది సైకిల్‌కన్నా మనిషే ఎక్కువ. సైజు కుదరక మోచేతులు బిగబట్టి నిటారుగా కూర్చుంటే కంపెనీ చెప్పిన సెకన్లన్నీ పది నిమిషాల్లో పోతాయి.

ఏ మెట్టు మీద ఆగాలి

నేను అందరికన్నా గట్టిగా చెప్పే మాట ఇదే. టార్మాక్‌లో ఎస్-వర్క్స్ ఫ్రేముకు వాడే కార్బన్‌ను 12ఆర్ అంటారు. దాని కింది మెట్టు 10ఆర్. ఆకారం ఒకటే, కాబట్టి గాలిలో తేడా ఉండదు. బరువు 780 గ్రాములు, అంటే 95 గ్రాములు ఎక్కువ. మడోన్ ఎస్‌ఎల్‌ఆర్, ఎస్‌ఎల్ మధ్య కూడా ఇదే కథ: రూపం అదే, కార్బన్ రకం వేరు, బరువు కొంచెం ఎక్కువ. ధరలో మాత్రం లక్షల తేడా.

గేర్లూ అంతే. గేర్లు, బ్రేకులు చేసే షిమానో 2021లో తన టాప్ సెట్టు డ్యూరా-ఏస్, దాని కింది మెట్టు అల్టెగ్రా రెండింటినీ ఒకేసారి 12 గేర్ల ఎలక్ట్రానిక్‌గా తెచ్చింది. కళ్లకు గంతలు కట్టి తొక్కిస్తే ఏది ఏదో నేను చెప్పలేను. డ్యూరా-ఏస్ తేలిక, ఫినిషింగ్ అందంగా ఉంటుంది. అల్టెగ్రా ఉన్న మోడల్ తీసుకుని, మిగిలిన డబ్బుతో ఫిట్, మంచి టైర్లు, కుదిరితే రెండో జత చక్రాలు కొనుక్కుంటే రోడ్డు మీద ఎక్కువ తేడా కనిపిస్తుంది.

షిమానోనా, దానికి పోటీ కంపెనీ శ్రామ్‌నా అంటే? శ్రామ్ రెడ్, ఫోర్స్‌లలో ముందు, వెనక డిరైలర్లకు (చైన్‌ను జరిపి గేరు మార్చే భాగాలకు) చిన్న బ్యాటరీలు విడిగా ఉంటాయి. దారిలో వెనకది అయిపోతే ముందుది తీసి పెట్టుకోవచ్చు. ప్యాకింగ్ కూడా తేలిక. షిమానోది లోపల ఒకటే బ్యాటరీ, ఒకసారి ఛార్జ్ చేస్తే వారాల తరబడి నడుస్తుంది. నేను మొగ్గేది బ్రేకు ఆయిల్ వల్ల షిమానో వైపు. శ్రామ్ రోడ్ సైకిల్ బ్రేకుల్లో వాడే డాట్ ఆయిల్ గాలిలోని తేమను పీలుస్తుంది, పెయింట్ మీద పడితే పెయింట్ లేస్తుంది. షిమానో మినరల్ ఆయిల్‌కు ఆ బాధలు లేవు. విశాఖ, కాకినాడ, నెల్లూరు లాంటి సముద్రపు గాలి ఉన్న ఊళ్లలో ఈ తేడా పట్టించుకోవాలి. ఇంకో మాట: చాలా రేసు సైకిళ్లు ముందు 52/36 పళ్ల చక్రాలు, వెనక 11-30 క్యాసెట్ (గేరు చక్రాల సెట్టు)తో వస్తాయి. మీ దారిలో ఘాట్ ఉంటే డెలివరీ కాకముందే 11-34 వేయించుకోండి. మోకాళ్లు దీవిస్తాయి.

చక్రాలు, టైర్లు

జెయింట్ తన కార్బన్ చక్రాల్లో చాలావాటికి హుక్‌లెస్ రిమ్ వాడుతుంది. రిమ్ లోపలి అంచుకు టైరును పట్టి ఉంచే కొక్కెం ఉండదు, గాలి 72.5 పీఎస్ఐ దాటకూడదు. 70 కిలోల మనిషికి 28 మిల్లీమీటర్ల టైరుతో ఇది చాలినంత. 90 కిలోల మనిషి గతుకుల్లో రిమ్ కొట్టుకోకుండా ఇంకొంచెం గాలి కొట్టాలనుకుంటాడు, అక్కడ కుదరదు. అలాంటివాళ్లు 30 లేదా 32 టైరు వేసుకోవాలి. టీసీఆర్‌లో 33 దాకా పడుతుంది, టార్మాక్‌లో 32. హుక్‌లెస్ రిమ్ తీసుకుంటే, కంపెనీ ఒప్పుకున్న టైర్ల జాబితాలో ఉన్నదే వేయాలి. దీనిలో రాజీ పడొద్దు. ట్యూబ్‌లెస్ వాడేవాళ్లకు మన ఎండల్లో లోపలి సీలెంట్ (పంక్చర్ పూడ్చే ద్రవం) రెండు మూడు నెలలకే ఎండిపోతుంది. తేదీ రాసి పెట్టుకుని నింపుతూ ఉండండి.

ఎక్కడ కొనాలి

2023 బడ్జెట్‌లో సైకిళ్ల మీద దిగుమతి సుంకం 30 నుంచి 35 శాతానికి పెరిగింది. 2025 సెప్టెంబర్ 22 నుంచి సైకిళ్ల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. అయినా అమెరికా ధర చూసి, అక్కడ ఉన్న అన్నయ్యతో తెప్పించుకుందామా అనిపిస్తుంది. నేను వద్దనే అంటాను. విమానాశ్రయంలో సుంకం కట్టాల్సి రావడం ఒక ఎత్తు, వారంటీ ఇంకో ఎత్తు. ఫ్రేముకు జీవితకాల వారంటీ అని కంపెనీలు చెప్పేది సాధారణంగా అధీకృత డీలర్ దగ్గర కొన్న మొదటి యజమానికే. బిల్లు ఆయన పేరు మీద ఉంటే, రేపు ఫ్రేములో పగులు వచ్చినప్పుడు మీరు ఇక్కడి షాపులో ఏం చూపిస్తారు? అక్కడే ఉండి అక్కడే తొక్కే మనవాళ్ల సంగతి వేరు, వాళ్లు నిశ్చింతగా కొనుక్కోవచ్చు. సెకండ్ హ్యాండ్ కార్బన్ కూడా, పడిన చరిత్ర తెలియకుండా కొనకండి. పైన పెయింట్ మెరుస్తూనే లోపల పొరలు విడిపోయి ఉండొచ్చు.

ఇక ఎవరికి ఏది? ఊరికి దూరంగా ఉండి, పొట్టిగా ఉండి, కొండలూ రోడ్లూ కలిపి తొక్కేవాళ్లకు టార్మాక్, అది కూడా ఎక్స్‌పర్ట్ లేదా ప్రో. ఎస్-వర్క్స్ అవసరం లేదు. చదును దారుల్లో గ్రూపు ముందు ఉండి లాగేవాళ్లకు, వెన్ను కాస్త సుకుమారంగా ఉన్నవాళ్లకు మడోన్. సీటు గొట్టంలో ఉన్న ఆ పెద్ద రంధ్రం చూపుకు వింతగా ఉన్నా గతుకుల్ని నిజంగానే తగ్గిస్తుంది. కొండలంటే ప్రాణం పెట్టేవాళ్లకు, పెట్టిన ప్రతి రూపాయికీ లెక్క చూసుకునేవాళ్లకు టీసీఆర్ అడ్వాన్స్‌డ్ ప్రో. నా డబ్బుతో నేను ఈరోజు కొనుక్కోవాల్సి వస్తే 10ఆర్ ఫ్రేముతో, అల్టెగ్రాతో ఉన్న టార్మాక్ 54 తీసుకుంటాను. మర చుట్ల ఇరుసు, రెండు ముక్కల హ్యాండిల్, నా కొలతలకు దగ్గరి సైజు, ఈ మూడింటి కోసమే.

ఏది తీసుకున్నా, అడ్వాన్స్ ఇచ్చేముందు షాపువాళ్లతో రెండు విషయాలు మాట్లాడుకోండి. డెలివరీ రోజు మీ ఫిట్ కాగితం ప్రకారం స్టెమ్ పొడవు మార్చి ఇస్తారా అని ఒకటి. రెండోది, మీ ఫ్రేముకు సరిపోయే డిరైలర్ హ్యాంగర్ (వెనక డిరైలర్‌ను బిగించే చిన్న ముక్క) ఒకటి, హెడ్‌సెట్ బేరింగుల సెట్టు ఒకటి అప్పుడే తెప్పించమనండి. వానలు వెళ్లాక ఆర్డర్ పెడితే వారాలు ఆగాలి. ఆ రెండూ సైకిల్ బిల్లులోనే రాయించుకోండి.